ఎవరూ తోయని నీళ్ళు

తెల్లవారి లేస్తే స్వరూప చేసే మొదటి పని నీళ్ళు తోయడం. పొయ్యి మీద పాలు పెట్టక ముందే, వాకిలి ఊడ్వక ముందే, వెనక తలుపు చాటున మేకుకు వేలాడే వైపర్ అందుకుని స్నానాల గదిలోకి పోతుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తలుపు దగ్గర నిలిచిన నీళ్ళను ఎదురు మూలన నీళ్ళు పోయే జాలీ దాకా తోస్తుంది. నీళ్ళు సగం దూరం పోయి వెనక్కి వస్తాయి. మళ్ళీ తోస్తుంది. జాలీ ఉన్న మూల ఎత్తు, తలుపున్న మూల పల్లం. గచ్చు వేసినవాళ్ళు వాటం తిరగేసి ఇచ్చారు. కాబట్టి ఈ ఇంట్లో ఎవరు స్నానం చేసినా, ఎవరు బట్టలు పిండినా, ఎవరు కాళ్ళు కడుక్కున్నా ఆ నీళ్ళు తలుపు కింద నుంచి నడవలోకి రావడానికి చూస్తాయి. వాటిని ఎత్తుకు ఎక్కించి పంపడం స్వరూప పని. అది పని అని ఎవరూ అనలేదు. ఆమె కూడా చాలాకాలం అనుకోలేదు. కొత్త ఇంటికి వచ్చిన ముచ్చటలో, ప్రతి ఇంటికీ ఒక వంకర ఉంటుందిలే అనుకుంది.

ఇల్లు గద్వాలలో, ఊరు దాటి రాయచూరు తొవ్వ పట్టే వైపు, కొత్తగా వెలిసిన కాలనీలో ఉంది. గేటు పక్క నల్లరాతి మీద 'లింగయ్య నిలయం' అని చెక్కించారు. లింగయ్య ఆమె మామ, ఇంటికి పునాది ముగ్గు పోయకముందే పోయాడు. ఇంటి రిజిస్ట్రేషన్ మాత్రం స్వరూప పేరు మీద ఉంది. గట్టు అనే ఊరి బడిలో ఆమె సాంఘికశాస్త్రం టీచరు. నెల జీతం చూస్తే తప్ప అప్పు ఇవ్వబోమని బ్యాంకు వాళ్ళు అన్నారు గనక ఆమె పేరు పెట్టారు. భర్త శ్రవణ్ కుమార్‌కు ఎరువుల దుకాణం. కట్టే పని అతని అక్క మొగుడు తిరుపతయ్యకు గుత్తకిచ్చారు. తెలిసిన మనిషి, సొంత మనిషి, కాగితం రాసుకోవడం ఏం బాగుంటుంది అన్నాడు శ్రవణ్. ఆమెకూ బాగుండదనే అనిపించింది.

నీళ్ళు నిలుస్తున్నాయని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు తిరుపతయ్య నవ్వాడు. అతనిది మంచి నవ్వు, ఎదుటివాళ్ళను చిన్నపిల్లలను చేసే నవ్వు. "కొత్తిల్లు చెల్లె, జర సర్దుకోనీ. నాలుగు నెలలు పోతె నీళ్ళే తొవ్వ పట్టుకుంటయి," అన్నాడు. నాలుగు నెలలు పోయాయి. వంటింటి గోడకు, బియ్యం సంచులు పెట్టే చోట, చెమ్మ కూడా ఎక్కింది. గిలాబు పొలుసులుగా ఊడి సంచుల మీద రాలడం మొదలుపెట్టింది. రెండోసారి చెప్పింది. ఈసారి అతను ఆమెతో కాకుండా శ్రవణ్‌తో మాట్లాడాడు. రాత్రి అన్నం తింటూ శ్రవణ్ అన్నాడు: "గింత దానికి బండలు పీకిస్తరా అని బావ నవ్విండు. రెండు సార్లు వైపర్ కొడితె అయిపోయే." ఎవరు కొట్టాలో అతను చెప్పలేదు. చెప్పే అవసరం ఉందని అతనికి తోచి ఉండదు.

అప్పటికి స్వరూప తల్లి సత్తెమ్మ ఈ ఇంట్లోనే ఉంటోంది. స్వరూప ఒక్కతే బిడ్డ. తండ్రి పోయాక, పత్తి సీడు చేలల్లో పూలకు పుప్పొడి అంటించే కూలికి పోయి పోయి మోకాళ్ళు అరిగాక, గట్టు పక్క ఊళ్ళో తల్లిని ఒంటరిగా వదలలేక తెచ్చుకుంది. అత్త చిన్నమ్మ ముఖం మీద ఏమీ అనలేదు. గోడ అవతలి ఆమెతో మాత్రం ఈ గోడ వినేటట్టు అన్నది: "బిడ్డింట్ల నీళ్ళు తాగితెనే ఋణమంటరు పెద్దలు. ఈమె ఏకంగ మంచమే ఏస్కున్నది." సత్తెమ్మ ఆ మాట విన్నది. విన్న మర్నాటి నుంచి ఊరికే కూర్చోలేదు. కూరగాయలు తరిగింది, బియ్యంలో రాళ్ళు ఏరింది, తన పాత చీర చింపి తాడులా మెలిపెట్టి స్నానాల గది తలుపు కింద అడ్డం వేసింది. నీళ్ళు నడవలోకి రాకుండా ఆ పేలిక పీల్చుకునేది. సాయంత్రం దాన్ని పిండి ఆరేసేది. తను తిన్న ముద్దకు తను చేసే పని సరిపోయిందా లేదా అన్నట్టు ఆమె రోజంతా ఇంట్లో తిరుగుతూ ఉండేది.

పదో తరగతి పరీక్షల రోజుల్లో స్వరూపకు డ్యూటీ పడింది. తొలి బస్సు అందుకోవాలి. ఆ పొద్దు పాలు పొంగాయి, చీర పిన్ను దొరకలేదు, గుర్తింపు కార్డు దొరకలేదు. స్నానం చేసి వచ్చి వైపర్ కోసం చెయ్యి చాస్తుంటే సత్తెమ్మ అడ్డం వచ్చింది. "నేనున్న గద బిడ్డా. నువ్వు పో, బస్సు దాటిపోతది." స్వరూప పోయింది. పరీక్ష గదిలో సెల్లు ఉండకూడదు గనక కబురు హెడ్మాస్టరు గది దాకా వచ్చి అక్కడే ఆగి, గంట కొట్టాక ఆమెకు చేరింది. నడవ మలుపులో, పేలిక అవతల, సత్తెమ్మ పడి ఉంది. తుంటి విరిగింది. వైపర్ ఆమె చేతి కిందే ఉందట, ఎత్తినవాళ్ళు దాన్ని పక్కకు తీసి ఎత్తారట.

కర్నూలు దవాఖానలో ఆపరేషన్ అయింది. ఆ మంచం మీది నుంచి సత్తెమ్మ మళ్ళీ తన కాళ్ళ మీద దిగలేదు. వానలు మొదలయ్యేసరికి పోయింది. దినాల నాడు, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి లేస్తుండగా, విస్తళ్ళు ఎత్తుతున్న స్వరూప పక్కకు శ్రవణ్ వచ్చాడు. కోపంగా రాలేదు. ఓదార్చడానికే వచ్చినట్టున్నాడు, భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "ఆ పొద్దు నువ్వు నీళ్ళు తోసి పోయుంటె గిట్ల గాకపోతుండె," అన్నాడు. అని, ఎవరో పిలిస్తే పోయాడు.

ఆ మాట ఆమెలోనే ఉండిపోయింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వచ్చేది. హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోతే పిల్లలు ముఖాలు చూసుకునేవారు. ఆమె మాటను అటూ ఇటూ తిప్పి చూసేది. అబద్ధం కాదు. తను తోసి పోయుంటే అమ్మ పోయేది కాదు ఆ గదిలోకి. అబద్ధం కాని మాట ఇంత తప్పుగా ఎందుకుంది? రాత్రులు నిద్ర పట్టక కాదు, పగళ్ళు కుదురు లేక ఆమె అల్లాడింది. ఒక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేది. దిద్దిన పేపర్లే మళ్ళీ దిద్దేది. తోసిన గచ్చునే మళ్ళీ తోసేది. అమ్మ వేసిన పేలికను మాత్రం పారేయలేదు. రోజూ పిండి, ఆరేసి, మళ్ళీ తలుపు కిందే వేసేది.

ఆ ఏడు తొమ్మిదో తరగతికి వినియోగదారుల హక్కుల గురించి చెప్పే గంట వచ్చింది. ఏటా చెప్పేదే. తూకంలో మోసం, గడువు దాటిన బిస్కెట్ల ప్యాకెట్, పని చేయని మిక్సీ. ఉదాహరణలు ఏటా అవే. కొన్న వస్తువులో గానీ, డబ్బిచ్చి చేయించుకున్న పనిలో గానీ లోపం ఉంటే అడిగే హక్కు ఉందని నల్లబల్ల మీద రాసి వెనక్కి తిరిగింది. చేయించుకున్న పని. సుద్దముక్క చేతిలోనే ఉంది. వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది, "టీచర్, మా చిన్నాయినోళ్ళే చేస్తె గూడ అడగొచ్చా?" క్లాసంతా నవ్వింది. స్వరూప అడగొచ్చు అన్నది. అని, ఆ గంట మిగిలిన సేపు పాఠం చదవమని పిల్లలకు చెప్పి కిటికీ దగ్గర నిలబడింది.

భోజనాల గంటలో ఉర్దూ టీచరు అజీజున్నీసాతో మాట వచ్చింది. అజీజున్నీసా చెల్లెలు ఆఫియా గద్వాల కోర్టులో వకీలు. ఆ ఆదివారమే స్వరూప ఆఫియా ఇంటికి పోయింది. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు కాబా బొమ్మ. స్వరూప చెప్పిందంతా అడ్డం రాకుండా విని, ఆఫియా వేళ్ళు మడిచి మొదలుపెట్టింది.

"పోలీస్ స్టేషన్‌కు పోతె మీ ఇంటి లొల్లి మీరు చూస్కోండ్రి అంటరు అక్కా. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేటోళ్ళకు రెరా అని ఉన్నది, మీ ఒక్కింటి గుత్త పని అండ్లకు రాదు. సివిల్ కోర్టుకు పోవచ్చు, అది నడుస్తనే ఉంటది. నా మాట వింటె, ముందుగాల నోటీసు ఇద్దాం. బాగు చేసిస్తె మంచిది. లేదంటె పాలమూరుల వినియోగదారుల కమిషన్ ఉన్నది. ఇల్లు కట్టిచ్చుడు గూడ సేవనే. సేవల లోపమని ఫిర్యాదు ఇయ్యొచ్చు. కాకపోతె రెండేండ్ల లోపట వెయ్యాలె. మీది ఒడ్డు మీదున్నది, ఇంక సోంచాయిస్తె దాటిపోతది."

ఒప్పందం కాగితం ఉందా అంటే లేదన్నది స్వరూప. అడిగితే మర్యాద పోతుందని అడగలేదన్నది. "అందరు గదే చెప్తరు," అన్నది ఆఫియా. అప్పు సొమ్ము స్వరూప ఖాతా నుంచి తిరుపతయ్య ఖాతాకు పోయిందని తెలిశాక, ఒప్పందం ఉన్నదనడానికి అది చాలన్నది. ఇల్లు ఎవరి పేరు మీదుంటే ఫిర్యాది వాళ్ళే అని, సంతకం స్వరూప ఒక్కతే పెట్టాలని కూడా చెప్పింది. తర్వాత కలం మూత పెట్టి అడిగింది.

"మీకేం కావాలె అక్కా? పైసలా, బాగు చేసిచ్చుడా?"

స్వరూప సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "దవాఖాన కాగితంల కాలు జారి పడ్డది అని రాసిండ్రు," అన్నది. "ఎందుకు జారిందో లేదు. ఎక్కడో ఒక్క దగ్గర అది రాసి ఉండాలె నాకు."

ఆఫియా తల ఊపింది. అబద్ధపు ఆశ పెట్టలేదు. అమ్మ పోయింది దీనివల్లనే అని నిరూపించడం కష్టమన్నది. గచ్చు తప్పని రాయించడం మాత్రం మన చేతిలో ఉన్నదన్నది.

నోటీసు పోయిన వారంలో ఇల్లు ఇంకో రకంగా చెమ్మ పట్టింది. ఆడబిడ్డ ఫోన్ చేసి చిన్నమ్మతో మాట్లాడి ఏడ్చింది. శ్రవణ్ అరవలేదు. అతను అరిచే మనిషి కాడు. పెట్టింది తిని కంచంలో చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఒక రోజు మాత్రం అన్నాడు, "పేరుకు నీ పేరు పెట్టినం. పేరు పెట్టినందుకు కోర్టుకు పోతవా?" చిన్నమ్మ అంతకంటే తిన్నగా అన్నది: "సచ్చినోళ్ళ పేరు చెప్పి బతికినోళ్ళ కాపురం తీస్తవా బిడ్డా?" స్వరూపకు తన తల్లి చచ్చినవాళ్ళలో ఎప్పుడు చేరిందో, చేర్చింది ఎవరో అడగాలనిపించింది. అడిగితే ఆ ముసలామె గుండె పట్టుకుంటుంది. ఆడబిడ్డ కాపురం గురించి ఆమెకూ భయంగానే ఉంది. తిరుపతయ్య తన ఇంటికి పోయి ఎవరి మీద కోపం చూపిస్తాడో ఆడవాళ్ళందరికీ తెలుసు.

తిరుపతయ్య కూడా వచ్చాడు. హాల్లో సోఫా మీద కూర్చుని చాయ తాగాడు. "నిన్ను చెల్లె అని పిలిచిన. చెల్లె అన్నకు నోటీసు పంపుతదా?" అన్నాడు. అని, ఒక దారి కూడా చెప్పాడు. తలుపు కింద ఎత్తుగా ఒక గ్రానైటు పట్టీ వేయిస్తాడు, నీళ్ళు నడవలోకి రావు.

"అప్పుడు గదిలనే నిలుస్తయి గద అన్నా," అన్నది స్వరూప.

"నిలిస్తె తోసుకుంటరు," అన్నాడు తిరుపతయ్య, ఇది కూడా అడగాలా అన్నట్టు.

ఆ సాయంత్రం ఆఫియాకు ఫోన్ చేసి, ఫిర్యాదు వేసేయమన్నది.

కమిషన్‌కు తిరుపతయ్య ఇచ్చిన జవాబులో ఒక ఫోటో ఉంది. గృహప్రవేశం నాడు తీసింది. కట్టిన మేస్త్రికి కొత్త బట్టలు పెట్టి పంపడం ఆనవాయితీ. స్వరూప పళ్ళెంలో ప్యాంటు గుడ్డ, షర్టు గుడ్డ పెట్టి అతని చేతికి ఇస్తోంది. అతను తలకు తువ్వాల చుట్టుకుని నవ్వుతున్నాడు. పని నచ్చింది కాబట్టే బట్టలు పెట్టారని, బట్టలు పెట్టాక మాట ఉండదని రాయించాడు. ఫోటోలో స్వరూప వెనక సత్తెమ్మ కూడా ఉంది, సగం ముఖమే పడింది. స్వరూప ఆ జవాబును చదవడం మానేసి ఆ సగం ముఖాన్నే చూస్తూ కూర్చుంది. బట్టలు పెట్టిన పొద్దు ఇంకా ఎవరూ ఆ గదిలో స్నానమే చేయలేదని ఆఫియా బదులు రాసింది.

గచ్చు చూసి నివేదిక ఇవ్వమని కమిషన్ ఒక ఇంజినీరును నియమించింది. పెద్దాయన, ఉద్యోగం నుంచి దిగిపోయినవాడు, ఆదివారం వస్తానన్నాడు. ఇరుపక్షాలూ ఉండాలని కబురు పంపాడు. శనివారం నుంచే స్వరూప కాళ్ళలో ఒక తొందర పుట్టింది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు. బడికి అధికారులు వస్తున్నారంటే సున్నం, ముగ్గు, పూలకుండీలు. ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే బూజు దులపడం, దుప్పట్లు మార్చడం. చిన్నప్పుడు సత్తెమ్మ చెప్పేది, కూలోళ్ళ ఇల్లయినా కాలు పెట్టినోళ్ళు ముక్కు మూయొద్దు అని. ఆదివారం ఇంకా మసక ఉండగానే లేచింది. నీళ్ళు తోసింది. ఆమ్లం పోసి గచ్చు తోమింది. జాలీ విప్పి వెంట్రుకలు తీసింది. అమ్మ పేలికను తీసి, కాళ్ళు తుడుచుకునే మంచి పట్టా ఒకటి తెచ్చి తలుపు ముందు వేసింది. ఫినాయిలు వాసన నడవంతా కమ్మింది. వాళ్ళు వచ్చేసరికి గది ఆరి మెరుస్తోంది.

తను ఏం చేసిందో ఆమెకు అప్పటికీ తట్టలేదు. ఇంజినీరు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. వెనక తిరుపతయ్య, శ్రవణ్. "చాయ పెట్టు," అన్నాడు శ్రవణ్, ఆమె వైపు తిరగకుండానే. ఫిర్యాది చాయ పెట్టడానికి పోయింది. అల్లం దంచుతుండగా మగ్గు చప్పుడు వినపడింది. "చూడుండ్రి సార్, అద్దం లెక్క ఉన్నది," అని తిరుపతయ్య గొంతు. మగ్గుతో నీళ్ళు ముంచి జాలీ పక్కనే పోసి చూపించాడని, అవి జాలీలోకే పోయాయని తర్వాత తెలిసింది. ఆమె కప్పులతో వచ్చేసరికి చూడటం అయిపోయింది. హాల్లో కూర్చుని చాయ తాగుతూ పెద్దాయన మెచ్చుకున్నాడు: "ఇల్లు చాలా శుభ్రంగా పెట్టుకున్నరమ్మా." ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆమెకు ఆ మాట బాగనిపించింది. చిన్నమ్మ ముఖంలో కూడా చాలా రోజుల తర్వాత వెలుగు కనపడింది.

జరిగింది ఫోన్‌లో ఆఫియాకు చెప్పింది. ఆఫియా మెల్లగా అడిగింది.

"మీరు కడిగిండ్రా అక్కా?"

"కడిగిన."

"చంపిండ్రు గద. ఉన్న ఒక్క సాక్ష్యాన్ని మీరే ఫినాయిలేసి కడిగి జాలీల పోసిండ్రు." ఆఫియా నవ్వుతున్నట్టే ఉంది, కానీ నవ్వు గొంతులో నిలవలేదు. "చాయ ఎవరన్న పెట్టుకుంటరు. ఫిర్యాది మీరు. మీరు గచ్చు మీద నిలవడాలె." నివేదిక ఇంకా ఇవ్వలేదు కాబట్టి మళ్ళీ ఒకసారి చూడమని కమిషన్‌ను కోరతానని చెప్పింది. కోరింది, ఒప్పుకున్నారు.

మధ్యలో దొరికిన రోజుల్లో స్వరూప తన చేతులు చూసుకుంటూ తిరిగింది. ఇన్నాళ్ళు ఈ తప్పు ఎవరికీ ఎందుకు కనపడలేదో ఆ చేతులు చూస్తే తెలిసిపోతోంది. శ్రవణ్ లేచేసరికి గది ఆరి ఉండేది. తిరుపతయ్య పండుగకు వస్తే, వస్తున్నాడని ముందే తోసి ఉండేది. కనపడకుండా చేసింది తను. తన తర్వాత అమ్మ. ఇద్దరూ కలిసి ఆ మగవాళ్ళకు ఒక మంచి గచ్చు రోజూ కొత్తగా చేసి ఇచ్చారు. ఆ ఆలోచన ఇంకొక ఆలోచనను లాక్కొచ్చింది. పరీక్షల పొద్దు తను స్నానం చేసి పోయింది. అత్త ఊళ్ళో లేదు. సాయంత్రం దవాఖాన నుంచి బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు కుర్చీ మీద ఒక తువ్వాల తడిగా ఉంది. శ్రవణ్ తువ్వాల. తను పోయాక అతను స్నానం చేశాడు. నిలిచిన నీళ్ళలోంచే నడిచి బయటికి వచ్చాడు, తల దువ్వుకున్నాడు, దుకాణానికి పోయాడు. ఆ తర్వాత అమ్మ వైపర్ పట్టుకుంది. తడి తువ్వాలను ఆ రోజే చూసింది తను. చూసి ఆరేసింది కూడా. ఇన్నాళ్ళు దాన్ని మాటగా మారనివ్వలేదు. ఆ పొద్దు నువ్వు తోసి పోయుంటే అన్న మాటలో 'నువ్వు' ఎవరైనా కావచ్చునని ఇన్నాళ్ళకు తట్టింది.

ఆమె శ్రవణ్‌ను అడగలేదు. అడిగితే అతను బాధపడతాడు, ఆ బాధను మళ్ళీ తనే ఓదార్చాల్సి వస్తుంది.

రెండో ఆదివారం స్వరూప ఎప్పటిలాగే లేచింది. పాలు పెట్టింది. వాకిలి ఊడ్చింది. స్నానాల గది తలుపు కింద నుంచి అమ్మ పేలికను తీసి, గట్టిగా పిండి, దండెం మీద ఆరేసింది. తను స్నానం చేసింది. అత్త చేసింది. శ్రవణ్ చేశాడు. వైపర్ మేకుకే ఉంది.

నీళ్ళు తలుపు దగ్గర చేరి, కాసేపు ఆగి, కింద నుంచి సన్నగా నడవలోకి వచ్చాయి. చిన్నమ్మ గోడ పట్టుకుని వచ్చి చూసింది. "ఏంది ఇది? పెద్దమనుషులొచ్చే యాళ్ళకు ఇల్లు గిట్ల పెడతరా?" అన్నది. స్వరూప ఆమెను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. "జారుతది అత్తమ్మా. ఈడనే ఉండు," అన్నది. చిన్నమ్మ ఇంకేదో అనబోయి నేల వైపు చూసింది. కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ఎత్తి పెట్టుకుంది.

ఇంజినీరు వచ్చాడు, వెనకే తిరుపతయ్య. "చాయ..." అన్నాడు శ్రవణ్. "తర్వాత," అన్నది స్వరూప, పెద్దాయనతో పాటు నడవలోకి నడుస్తూ. తిరుపతయ్య మగ్గు కోసం చెయ్యి చాచాడు. ఆమె అప్పటికే బకెట్ నింపి పెట్టి ఉంది. జాలీ దగ్గర కాకుండా గది నడుమ, మనిషి నిలబడి స్నానం చేసే చోట, మెల్లగా వంచింది.

నీళ్ళు ఒక్క క్షణం చుట్టూ పరుచుకున్నాయి. తర్వాత దారి తెలిసినట్టు తలుపు వైపు కదిలాయి. ఎవరూ తోయకపోతే అవి ఎక్కడిదాకా పోతాయో స్వరూప ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ మధ్యలోనే తోసింది, లేదా పేలిక ఆపింది. ఇప్పుడు చూసింది. అవి తలుపు దాటాయి. నునుపు బండల మీద చప్పుడు లేకుండా సాగాయి. నడవ మలుపు దాకా వచ్చి, అక్కడ ఇంకొంచెం పల్లం ఉన్నట్టుంది, గుండ్రంగా తిరిగి నిలిచాయి. అమ్మ పడి ఉన్నది అక్కడే. పెద్దాయన వంగి గచ్చు మీద మట్టపు పట్టీ పెట్టి చూశాడు. జాలీ వైపు పెట్టి చూశాడు, తలుపు వైపు పెట్టి చూశాడు. తిరుపతయ్య నవ్వబోయాడు కానీ ఎవరి వైపు చూసి నవ్వాలో తెలియలేదు.

"పోయినసారి పొడిగ ఉండె గదమ్మా," అన్నాడు ఇంజినీరు.

స్వరూప జవాబు చెప్పేలోపు శ్రవణ్ కదిలాడు. నీళ్ళు హాలు వైపు వస్తున్నాయి, బావ చూస్తున్నాడు, పెద్దమనిషి చూస్తున్నాడు. శ్రవణ్ గబగబా వెనక్కి పోయాడు. వెతకలేదు. ఎవరినీ అడగలేదు. వెనక తలుపు చాటుకు చెయ్యి పెట్టి, మేకు మీది నుంచి వైపర్ తీసుకుని వచ్చాడు. అది ఎక్కడ ఉంటుందో అతనికి మొదటి నుంచీ తెలుసు.

స్వరూప చెయ్యి చాచింది. అతను ఇచ్చేశాడు, తోసేది ఆమే అన్నట్టు, పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. ఆమె వైపర్‌ను గోడకు ఆనించింది. ఆ నీళ్ళలోనే నిలబడి ఇంజినీరు వైపు తిరిగింది.

"పోయినసారి నేను తోసిన సార్. నేను తోయని పొద్దు మా అమ్మ తోయబోయింది," అన్నది. "రాసుకోండి."